బారువ రేవు నుంచి క్లింగ్ వీధి దాకా

సింగపూర్ నది ఒడ్డున, పెద్ద పెద్ద బ్యాంకు భవనాల మధ్య చూలియా స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. 1920ల తొలినాళ్ళ వరకూ దాని పేరు క్లింగ్ స్ట్రీట్. ఆ పేరు తమకు తలవంపులుగా ఉందని, మార్చాల్సిందేనని అక్కడి దక్షిణ భారతీయులు పట్టుబట్టారు. మునిసిపల్ అధికారులు చివరికి దిగొచ్చారు. పాత బోర్డు దిగింది, కొత్త బోర్డు ఎక్కింది.

తలవంపులు తెచ్చిన ఆ మాట పుట్టుకతో తిట్టు కాదు, ఒక దేశం పేరు. మహేంద్రగిరి నీడన నాగావళి, వంశధార, మహేంద్రతనయ నదులు తడిపే నేల పేరు. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పుడు ఏ మూలో పడి ఉన్న ‘క్లింగ్’ అచ్చంగా మన కళింగమే. మలయ్ జనం నోట అది ‘కెలింగ్’ అయింది. పోర్చుగీసు వాళ్ళు ‘క్వెలిన్’ అని రాసుకున్నారు. 1600ల మొదట్లో జావాలోని బాంటంలో కొట్టు తెరిచిన ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు తమకు తోచిన స్పెల్లింగులన్నీ వాడి చూశారు. చివరికి ఇంగ్లీషులో ‘క్లింగ్’ నిలిచింది.

పోయిన సంచికలో కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువాళ్ళందరికీ ఇంటిపేరులా ఎలా అంటుకుందో వచ్చింది. ఈసారి కథ దానికంటే చాలా పాతది, చిక్కుముళ్ళూ ఎక్కువే. కోరంగీ అన్న పేరు ఎక్కడికెళ్ళినా తెలుగువాళ్ళని వదల్లేదు. క్లింగ్ మాత్రం పుట్టిన తీరాన్ని మధ్యదారిలో వదిలేసి, పోయి తమిళుల నెత్తిన కూర్చుంది.

అసలు ఈ పేరు సముద్రం ఎందుకు దాటింది?

క్రీస్తు శకం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచ భూగోళం రాసిన టాలమీ, మన తూర్పు తీరం మీద ఒక చోటుకి ఊరి పేరు చెప్పకుండా ‘ఓడలు బయల్దేరే చోటు’ అని మాత్రం రాశాడు. అక్కడి దాకా ఒడ్డును కనిపెట్టుకుని వచ్చే ఓడలు, ఆ చోట ఒడ్డు వదిలేసి నేరుగా బంగాళాఖాతానికి అడ్డంగా పడి బంగారు దేశం దారి పట్టేవట. బంగారు దేశమంటే ఇప్పటి మలయా ద్వీపకల్పం, దాని చుట్టుపక్కల. టాలమీ ఇచ్చిన డిగ్రీల లెక్కలతో కుస్తీపట్టిన 19వ శతాబ్దపు పండితుల్లో కొందరు ఆ చోటు శ్రీకాకుళం తీరంలోని బారువ దగ్గర ఉండాలని తేల్చారు. మరికొందరు ఇంకాస్త ఉత్తరంగా, గంజాం దగ్గరి పాలూరు వైపు వేలు చూపించారు. టాలమీ కొలతలు ఎంతవరకు నమ్మొచ్చో భూగోళం చదివినవాళ్ళకి తెలియనిది కాదు కనుక, బారువ వాళ్ళు శిలాఫలకం వేయించేటంత రుజువు ఇది కాదు. అయితే ఇద్దరి వేళ్ళూ ఒకే తీరం మీదే ఉన్నాయి.

బారువ ఒడ్డున నిలబడి చూస్తే ఆ పండితుల ఊహ మరీ గాలిలో కట్టిన మేడ కాదనిపిస్తుంది. కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున కోటిలింగేశ్వరస్వామి కోవెల, లైట్‌హౌస్, కొబ్బరి తోటలు. వెనక్కి తిరిగితే మందస మీదుగా 1,500 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి. తీరమంతా చదునుగా, ఇసుక దిబ్బలుగా ఉండే చోట అంత కొండ అంత దగ్గరగా ఉంటే నావికుడికి అంతకు మించిన గుర్తు అక్కర్లేదు. రేవు చిన్నదే. అయినా ఆవిరి ఓడల కాలంలో కూడా ఇక్కడ ఓడలు లంగరు వేసేవి. 1917లో ఇక్కడికి దగ్గర్లో మునిగిపోయిన చిల్కా అనే ఓడ శకలాలు ఇప్పటికీ నీళ్ళ అడుగున ఉన్నాయి. స్కూబా డైవింగ్ నేర్చినవాళ్ళు దిగి చూసి వస్తున్నారు.

కాళిదాసుకి కూడా ఈ తీరం గురించి కబుర్లు అందినట్టే ఉన్నాయి. రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన రాజుల్లో కళింగ రాజు హేమాంగదుడు ఒకడు. అతన్ని మహేంద్రగిరికీ మహాసముద్రానికీ ఏలికగా పరిచయం చేస్తూ, దూరపు దీవుల నుంచి లవంగ పూలను మోసుకొచ్చే గాలి అతని తీరాన వీస్తుందని చెప్పిస్తాడు కవి. లవంగాలు ఆ రోజుల్లో ఇండోనేషియా తూర్పు కొసన ఉన్న మొలుక్కా దీవుల్లో తప్ప లోకంలో ఎక్కడా పండేవి కావు. కవికి సరుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసు, ఎవరి రేవులో దిగుతోందో కూడా తెలుసు.

అంతకు ముందే కళింగం పేరు బయటి లోకానికి ఎక్కింది. అశోకుడు తన 13వ శిలాశాసనంలో కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని దేశం నుంచి తరలించారని చెప్పుకున్నాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కళింగుల గురించి, దండగుల అనే వాళ్ళ పట్నం గురించి రాశాడు. ఆ దండగుల మన దంతపురమేనని కొందరు చరిత్రకారులంటారు. సరుబుజ్జిలి దగ్గర దంతవక్త్రుని కోట అని ఊళ్ళో వాళ్ళు చెప్పుకునే మట్టి కోటను ఆ దంతపురంగా చూపిస్తారు. వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకి కూతవేటు దూరంలో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు వెలిశాయి. రేవుల పక్కనే ఆరామాలు కట్టుకోవడం బౌద్ధులకు అలవాటు. భిక్షువులూ వర్తకులూ ఒకే ఓడ ఎక్కేవాళ్ళు.

ఓడ ఎక్కినవాడు వెంటనే తిరిగి రాలేడు. నైరుతి గాలికి తెరచాప ఎత్తి వెళితే, ఈశాన్య గాలి తిరిగేదాకా అక్కడే ఆగాలి. అంటే నెలల తరబడి కాపురం. సరుకు దాచుకోవడానికి కొట్టు కావాలి, వండిపెట్టే మనిషి కావాలి, దేవుడికి గుడి కావాలి. కొందరు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు. ఆగ్నేయాసియా రేవుల్లో కెలింగ్ పేటలు పుట్టింది ఇలాగే. పేరు పెట్టింది పేటలో ఉన్నవాళ్ళు కాదు, పక్క పేట వాళ్ళు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే వీళ్ళు చెప్పిన దేశం పేరు వాళ్ళ నోట మనుషుల పేరైంది.

ఈ మాట తొలినాళ్ళలో ఎంత కచ్చితంగా వాడేవారో జావా శాసనాలు చెబుతాయి. 11వ శతాబ్దంలో తూర్పు జావాను ఏలిన ఐర్లంగ రాజు కాలపు శాసనాల్లో విదేశీయుల జాబితాలు కనిపిస్తాయి. పన్నుల లెక్క కోసం ఎవరు ఏ దేశం వాళ్ళో విడివిడిగా రాసిన జాబితాలవి. వాటిలో క్లింగ్ ఉంది, ఆర్య ఉంది, సింహళ ఉంది, ద్రవిడ ఉంది, చంపా, ఖ్మేర్ ఉన్నాయి. క్లింగ్ వేరు, ద్రవిడ వేరు! జావా రేవులో కూర్చున్న సుంకం గుమాస్తాకి కళింగం మనిషికీ తమిళ దేశం మనిషికీ తేడా తెలుసు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత సింగపూర్‌లో కూర్చున్న ఇంగ్లీషు దొరకి ఆ తేడా తెలియలేదు.

ఆ కాలంలో కళింగం అనిపించుకోవడం గొప్పగానే ఉండేదనడానికి శ్రీలంకలో సాక్ష్యం దొరుకుతుంది. 12వ శతాబ్దం చివర్లో పొలన్నరువ నుంచి పాలించిన నిశ్శంకమల్లుడు, తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని ఊరూరా శాసనాలు చెక్కించుకున్నాడు. సింహళ సింహాసనానికి కళింగ వంశం వాళ్ళే తగినవాళ్ళని వాదించాడు కూడా. సింహపురమంటే శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమేనని చాలామంది చరిత్రకారుల మాట. ఇప్పుడు బస్సులో వెళ్ళేవాళ్ళు తల తిప్పి చూడకుండా దాటిపోయే ఊరు అది.

అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఇంటి దగ్గర ఒక మార్పు జరిగింది. తూర్పు గాంగులు వందల ఏళ్ళుగా కళింగనగరం నుంచి, అంటే ఇప్పటి శ్రీముఖలింగం నుంచి ఏలుతూ వచ్చారు. 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్తరంగా ఒడిశాను గెలిచి, రాజధానిని కటకానికి తరలించాడు. రాజుతో పాటు వర్తకం, కవులు, శిల్పులు, అధికారం అన్నీ ఉత్తరానికి కదిలాయి. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి మిగిలింది. రాజధాని వెళ్ళిపోయిన నేలకి దేశమంత పేరు ఎక్కువకాలం నిలవదు. ఈ తీరం పెద్ద ఓడల దారి నుంచి మెల్లగా పక్కకు జరిగింది. దక్షిణాన చోళుల నాగపట్నం, ఆ తరువాత పులికాట్, మచిలీపట్నం రేవులు పైకొచ్చాయి.

సముద్రం అవతల మాత్రం పేరు మారలేదు. ఓడల్లో వచ్చేవాళ్ళు మారిపోయారు, పిలిచే పేరు పాతదే మిగిలింది. మలయ్ కథల్లో ‘బెనువా కెలింగ్’ అంటే కళింగ దేశం కాదు, దక్షిణ భారతమంతా. మలయ్ వీరగాథ హికాయత్ హాంగ్ తువాలో మలక్కా సుల్తాను పంపగా వీరుడు హాంగ్ తువా బెనువా కెలింగ్‌కి రాయబారం వెళతాడు. అక్కడ బిజయనగరం అనే పట్నంలో కిస్నరాయన్ అనే రాజు కొలువుదీరి ఉంటాడు. అంటే మలయ్ కథకుడి లెక్కలో మన కృష్ణదేవరాయలు కెలింగ్ రాజు! రాయలు కళింగం మీద దండెత్తి గజపతిని ఓడించిన సంగతి ఆ కథకుడికి తెలిస్తే ఏమనేవాడో.

పోర్చుగీసు వాళ్ళు 1511 ఆగస్టులో మలక్కాను పట్టుకున్నారు. మరుసటి ఏడాది మందుల వ్యాపారి తోమే పిరేష్ అక్కడికొచ్చి, ఊరి వర్తకాన్నంతా తీరిగ్గా గమనించి ‘సుమా ఓరియంటల్’ అనే గ్రంథం రాశాడు. మలక్కాలో విదేశీ వర్తకుల మంచిచెడ్డలు చూడ్డానికి నలుగురు షాబందర్లు ఉండేవారని, వాళ్ళలో ఒకరి కింద కెలింగ్ దేశం, బెంగాల్, పెగూ, పాసే నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారని రాశాడు. అతని రాతల్లో కెలింగులు ఊళ్ళో అందరికంటే డబ్బున్న వర్తకులు. మూటలకొద్దీ కోరమాండల్ బట్ట తెచ్చి, బదులుగా లవంగాలు, జాజికాయ, చందనం పట్టుకుపోయేవాళ్ళు.

వాళ్ళలో నినా చాటు కథ చెప్పుకోదగ్గది. తమిళ దేశపు హిందూ వర్తకుడు. మలక్కా సుల్తాను పోర్చుగీసు వాళ్ళని బంధించినప్పుడు, ఖైదులో ఉన్నవాళ్ళకి చాటుగా సాయం చేశాడు. ఊరు చేతికి రాగానే పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ ఆ మేలు మరచిపోకుండా అతన్ని బెండహారాగా, అంటే ఊళ్ళో ముస్లింలు కాని ప్రజల పెద్దగా నియమించాడు. మూడేళ్ళు తిరక్కముందే రాజకీయం మారింది. 1514లో పదవి తీసేసి కంపార్ సుల్తానుకి ఇచ్చారు. ఆ పరాభవం నినా చాటు భరించలేకపోయాడు. ఇంటి ముందు వేదిక కట్టించి, చందనపు చెక్కలతో చితి పేర్పించి, జనం చూస్తుండగా అందులో ప్రవేశించాడు. పోర్చుగీసు చరిత్రకారులు ఈ సంఘటనను నిర్ఘాంతపోతూ రాసుకున్నారు. అప్పటికి కెలింగ్ అంటే పరువు కోసం ప్రాణం తీసుకోగల మనిషి.

అక్కడి నుంచి ఈ మాట దిగజారడం మొదలైంది. అయితే ఏ ఒక్కరోజో జరగలేదు. మలక్కాలో 1748లో మసీదు కట్టుకున్న కెలింగులు, పెనాంగ్‌లో 1801లో మసీదు పెట్టిన తమిళ ముస్లిం పెద్ద కాదర్ మొహిదీన్ ఇంకా మర్యాద ఉన్న మనుషులే. కాదర్ మొహిదీన్‌ని ఇంగ్లీషు వాళ్ళు ‘కపిటాన్ కెలింగ్’ అనే బిరుదుతో పిలిచారు. మసీదుకీ ఆ పేరే నిలిచింది. కానీ అదే పెనాంగ్‌కి, 1825 నుంచి సింగపూర్‌కి, కంపెనీ ప్రభుత్వం భారతదేశం నుంచి శిక్షపడిన ఖైదీలను ఓడల్లో దించడం మొదలుపెట్టింది. రోడ్లు వేసింది వాళ్ళే, చిత్తడి నేలలు పూడ్చింది వాళ్ళే. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్ కట్టింది కూడా వాళ్ళే. ఆ తరువాత చెరకు, కాఫీ, రబ్బరు తోటలకి కూలీలు వచ్చారు. వర్తకుడి పేరు, ఖైదీ పేరు, కూలీ పేరు ఒకటే అయ్యేసరికి వర్తకుడి మర్యాద కూలీకి రాలేదు. కూలీ మీద లోకానికున్న చులకన వర్తకుడికి అంటింది.

ఆ రోజుల నుంచే ఒక కట్టుకథ కూడా ప్రచారంలోకి వచ్చింది. ఖైదీల కాళ్ళ సంకెళ్ళు నడుస్తుంటే ‘క్లింగ్, క్లింగ్’ మని మోగేవి గనక వాళ్ళకి ఆ పేరు వచ్చిందని. మలేసియాలో, సింగపూర్‌లో చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని నిజమని నమ్ముతారు. ఖైదీల ఓడలకి ఎనిమిది వందల ఏళ్ళ ముందే జావా శాసనంలో ఈ మాట ఉంది కాబట్టి దీన్ని కొట్టిపారెయ్యడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. అబద్ధమే. అయినా ఒక మాట ఎంత దిగజారితే జనం దానికి సంకెళ్ళ చప్పుడులో మూలం వెతుక్కుంటారో ఈ అబద్ధం నిజాయితీగా చెబుతోంది.

ఇంగ్లీషు రచయితలు ఈ గందరగోళానికి తమ వంతు సాయం చేశారు. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1869లో అచ్చయిన ‘మలయ్ ఆర్కిపెలాగో’లో సింగపూర్ జనాన్ని వర్ణిస్తూ, క్లింగులు పశ్చిమ భారతం నుంచి వచ్చిన మహమ్మదీయులని, చిల్లర వర్తకం చేస్తారని రాసేశాడు. పక్షుల రెక్కల మీద చుక్కలు సైతం లెక్కపెట్టి తేడాలు పట్టిన మనిషి, తూర్పు తీరం పేరు మోస్తున్న మనుషుల్ని తీసుకెళ్ళి పడమటి తీరంలో దించాడు. ఇసబెల్లా బర్డ్ అనే యాత్రికురాలు 1883 నాటి తన మలయా పుస్తకంలో క్లింగ్ స్త్రీల నడకను, నగలను మెచ్చుకుంటూ రాసింది. వీళ్ళెవరికీ కళింగం ఎక్కడుందో పట్టలేదు.

పట్టించుకున్నవాళ్ళు ఇద్దరు. హెన్రీ యూల్ సైన్యంలో ఇంజనీరు, ఆర్థర్ కోక్ బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో జడ్జి. ఇద్దరూ కలిసి భారతీయ మూలాలున్న ఇంగ్లీషు మాటలకి నిఘంటువు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. పుస్తకం పూర్తికాకుండానే 1882లో బర్నెల్ చనిపోయాడు. యూల్ దాన్ని పూర్తిచేసి 1886లో ‘హాబ్సన్-జాబ్సన్’ పేరుతో అచ్చు వేయించాడు. అందులో క్లింగ్ అనే మాట కింద, ఇది కళింగం నుంచి పుట్టిందని, మలయ్ దేశాల్లో భారతదేశం నుంచి వచ్చిన వర్తకులకీ కాపురస్తులకీ చెల్లుతోందని, పాత పోర్చుగీసు, ఇంగ్లీషు రాతల ఉదాహరణలతో చూపించారు. అలా సంకెళ్ళ కట్టుకథకి అచ్చులో జవాబు దొరికింది. చదివినవాళ్ళు తక్కువ.

చరిత్ర చేసిన చమత్కారం ఏమిటంటే, సరిగ్గా అదే సమయంలో అసలు కళింగంలో కూడా ఒక మేష్టారు ఆ పేరు వెతుకుతున్నాడు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, తనంతట తనే శాసనలిపులు నేర్చుకున్నాడు. అప్పటిదాకా గాంగుల కళింగనగరమంటే కళింగపట్నమే అయి ఉంటుందని పండితులు అనుకునేవారు. పేరులో పోలిక ఉంది కదా అని. గిడుగు ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివి, కళింగనగరం ముఖలింగమేనని తేల్చాడు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. ఆ రేకులు శక సంవత్సరం 979 నాటివి, అంటే క్రీస్తు శకం 1057. తరువాత 1919లో శాలిహుండం శిథిలాలను లోకానికి చూపించింది కూడా ఆయనే. వ్యావహారిక భాషోద్యమం వెలుగులో గిడుగువారి ఈ పని మరుగున పడిపోయింది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు సభల్లో ముఖలింగం ఊసు వినిపించడం అరుదు.

అంటే 1880లు, 90లు ఇలా గడిచాయి: లండన్‌లో ఒక నిఘంటువు కళింగం అన్న మాట మూలం తవ్వుతోంది, పర్లాకిమిడిలో ఒక బడిపంతులు కళింగ రాజధానిని తవ్వుతున్నాడు, బారువ, కళింగపట్నం రేవుల్లో ఆ కళింగం మనుషులు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కుతున్నారు.

ఓడలు ఎక్కువగా రంగూన్‌కే. ఊళ్ళో వాళ్ళకి అది ‘రంగం’. ‘మా తాత రంగం ఎల్లిపోనాడు’ అన్న మాట కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటలో వెళ్ళడమే ఉంటుంది, చాలా ఇళ్ళలో తిరిగి రావడం ఉండదు. టెక్కలి, పలాస, ఉద్దానం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో కొత్తగా పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మనుషుల్ని పోగుచేసేవారు. వరి మిల్లులకి, రేవులో బస్తాల మోతకి, పడవల పనికి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా కూలీ అతని మనిషే.

రంగూన్‌లో దిగిన ఈ అసలు సిసలు కళింగం మనుషుల్ని అక్కడెవరూ కెలింగ్ అనలేదు. ‘కోరంగీ’ అన్నారు. 1839 తుపానుకి చితికిపోయిన గోదావరి రేవు పేరు, ఎప్పుడూ కోరంగి ముఖం చూడని ఉద్దానం మనిషికి అంటింది. అతని సొంత దేశం పేరేమో అప్పటికి సింగపూర్‌లో, పెనాంగ్‌లో తంజావూరు, రామనాథపురం నుంచి వెళ్ళిన తమిళుడిని పొడుస్తోంది. ఎవరి పేరు ఎవరికి దక్కిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టినప్పుడు, వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టారు. సమ్మె తీరి పాతవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చిన 26వ తేదీన కొట్లాట మొదలై ఊరంతా పాకింది. చాలామంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాతి ఏడాది జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక ఆ జనమే కొండలెక్కి అడవులు దాటి ఇంటి దారి పట్టారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఆ కాందిశీకుల గుర్తే.

మలయాకి వెళ్ళిన తెలుగువాళ్ళు తక్కువ. వెళ్ళినవాళ్ళలో శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళే ఎక్కువమంది. పేరాక్ రాష్ట్రంలో సముద్రం పక్కన బాగన్ దాతో అనే ప్రాంతం ఉంది. అంతా కొబ్బరి తోటలు. ఆ ఎస్టేట్లలో తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో కుదిరారు. ఉద్దానంలో కొబ్బరి చెట్టెక్కడం చిన్నప్పుడే నేర్చినవాడికి ఆ పని కొత్త కాదు. వీళ్ళకి మాత్రం కెలింగ్ పేరు దక్కింది, అదీ తమిళుల లెక్కలో జమకట్టబడి. తోట యజమానికి తమిళుడో తెలుగువాడో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీల పంపకాన్ని ఆపేసింది. అప్పటికే అక్కడ స్థిరపడినవాళ్ళ పిల్లలు సంఘం పెట్టుకుని తెలుగు బడులు నడుపుకున్నారు.

ఇప్పటి మలేసియాలో కెలింగ్ నలుగురిలో అనకూడని మాట. 2003లో అక్కడి జాతీయ భాషా సంస్థ తన నిఘంటువులో దాన్ని ఉంచినందుకు కొందరు భారత సంతతి వాళ్ళు కోర్టుకెక్కారు. ఇండోనేషియాలో మేడాన్ నగరంలోని కంపుంగ్ కెలింగ్ ఇప్పుడు కంపుంగ్ మద్రాస్. ఆ పేరు పెట్టింది గౌరవం కోసమే. అయితే మద్రాస్ అనే పేరును మద్రాసు వాళ్ళే 1996లో వదిలేశారు. కంబోడియాలో మాత్రం భారతీయుడిని ఈనాటికీ ‘క్లెంగ్’ అంటారు. అందులో తిట్టు లేదు, పొగడ్తా లేదు.

ఇక ఇక్కడ, పుట్టిన చోట, ఆ పేరు వేరే తోవ పట్టింది. దేశం పేరు కులాలకు దక్కింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి అచ్చువేసిన సంపుటాల్లో కళింగుల్ని, వాళ్ళలో బూరగాన, కింతలి శాఖల్ని విడివిడిగా వర్ణించాడు. కళింగ కోమట్లు వేరే ఉన్నారు. టెక్కలి, పలాస, కాశీబుగ్గ సంతల్లో ‘ఆయన కళింగులే’ అంటే పెళ్ళి సంబంధానికో ఓటు లెక్కకో పనికొచ్చే సమాచారం, అంతే. అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదని పెనాంగ్‌లో ఉన్న భారతీయుడికి చెబితే నమ్మడం కష్టం. ఇటు పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనిచేసేవాళ్ళని అడిగితే, కళింగమంటే ఏదో కాలేజీ పేరో, ఒడిశా పేరో అనుకునేవాళ్ళూ కనిపిస్తారు. ఒడిశా వాళ్ళు ఆ పేరును విమానాశ్రయం దారిలోనూ, క్రీడా మైదానం మీదా రాసుకుని దర్జాగా వాడుకుంటున్నారు. సాహిత్యంలో మాత్రం ‘కళింగాంధ్ర’ అన్న మాట మళ్ళీ నిలదొక్కుకుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు కథానిలయం పెట్టాక ఈ ప్రాంతపు కథను ఆ పేరుతో పిలవడం ఇంకా బలపడింది.

మలక్కా, పెనాంగ్ పాత పేటలు రెండూ 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. రెండు చోట్లా కెలింగ్ పేరున్న మసీదులు ఆ హద్దుల్లోనే ఉన్నాయి, పేర్లు మార్చలేదు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అక్కడ పెద్ద ఓడలు ఆగడం మొదలైతే, మలక్కా జలసంధి నుంచి వచ్చే సరుకు చాలా శతాబ్దాల తరువాత ఈ తీరంలో నేరుగా దిగుతుంది.

వచ్చే సంచికలో: ఓడ ఎక్కకుండా, కాలినడకన ఉత్తరాదికి వెళ్ళిన ఇంకో పేరు. కంపెనీ పటాలంలో చేరిన తెలుగు సిపాయిల వల్ల పుట్టిన ‘తిలంగా’ అనే మాటను, 1857లో ఢిల్లీ జనం తిరగబడ్డ సిపాయిలందరికీ ఎందుకు వాడారన్నది.